నాలుగో మాట

మా సంఘంలో సాక్ష్యానికి ఒక వరస ఉంది. ముందు జబ్బు సంగతి, తర్వాత డాక్టర్లు చేతులెత్తేసిన సంగతి. ఆ పైన ఉపవాస ప్రార్థన, నుదుటికి నూనె రాయడం, అర్ధరాత్రి ఒక వాక్యం తట్టడం. చివరికి రిపోర్టు నార్మల్. అందరూ చప్పట్లు కొట్టి స్తోత్రం అంటారు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇలాంటివి వింటూనే ఉన్నాను. అబద్ధాలని అనను, చాలావరకు నిజాలే. రిపోర్టు నార్మల్ కాని ఇళ్ళవాళ్ళు మాత్రం మైకు దగ్గరికి రారు, వాళ్ళని ఎవరూ పిలవరు. మాది ఆ రకం ఇల్లు. మా అమ్మాయి లుకేమియాతో పోయింది. పన్నెండు నిండాయి, పదమూడు రాలేదు.

నేను గుంటూరు జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. నా భార్య అంగన్‌వాడీలో పనిచేస్తుంది. తాతల నాటి నుంచి లూథరన్లం. 1842లో హేయర్ అనే అమెరికా దొర గుంటూరులో దిగి మొదలుపెట్టిన మిషన్ ఊరూరా తిరిగి మా మాలపల్లెకూ వచ్చింది. మా నాన్న ఆ మిషన్ బడిలోనే అక్షరాలు దిద్దాడు. కాబట్టి నేను బయట నిలబడి మతాన్ని విమర్శిస్తున్నవాణ్ణి కాను. ఇల్లు కాలుతున్నప్పుడు లోపల ఉన్నవాణ్ణి.

అమ్మాయి ఐదో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి పోతూ ఉండేది. మోకాళ్ళ కింద నీలి మచ్చలు కనిపిస్తే ఖోఖోలో పడిందనుకున్నాం. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం ఆగకపోయేసరికి గుంటూరు తీసుకెళ్ళాం. రక్తపరీక్ష కాగితం చూసిన డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోమంది. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. పిల్లలకొచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదేననీ, మంచి వైద్యం చివరిదాకా అందితే ఎక్కువమంది బయటపడతారనీ ఆమె చెప్పింది. ఆ మాట నిజమే. పక్క మంచం మీద ఉన్న బాబు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు.

హెల్త్ కార్డు మీద కొంత, అప్పు మీద కొంత వైద్యం నడిచింది. జుట్టు ఊడింది, స్టెరాయిడ్లకు మొహం ఉబ్బింది. అద్దంలో చూసుకుని "ఎవరు నాన్నా ఈ అమ్మాయి?" అని నవ్వేది. మొదటి విడత మందులయ్యాక మూలుగలో జబ్బు కణాలు కనపడటం లేదన్నారు. ఆ ఆదివారమే నా భార్య లేచి సాక్ష్యం చెప్పింది. అమ్మాయి ఊలు టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. కాయిర్ వాళ్ళు పాట ఎత్తుకున్నారు, కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. మందులు ఇంకా రెండేళ్ళకు పైగా వాడాలని డాక్టరమ్మ చెప్పిన మాట ఆ చప్పట్లలో ఎవరికి వినపడుతుంది?

మందులు ఇంకా నడుస్తుండగానే జబ్బు తిరగబెట్టింది. పొరుగూరి ప్రసంగీకుడొకాయన ఇంటికొచ్చి, దేవుడిచ్చిన స్వస్థతను మీరు నిలబెట్టుకోలేదు, ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది, దాన్ని బయటపెట్టండి అన్నాడు. ఆయన వెళ్ళాక నేనూ నా భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజంగానే వెతుక్కున్నాం. పెళ్ళైన కొత్తలో ఆడిన అబద్ధాల దగ్గర్నుంచి తిరిగివ్వని చేబదుళ్ళ దాకా వెతికాం. ఇంకొకాయన కీమో ఆపేయండి, అప్పుడే విశ్వాసం రుజువవుతుంది అన్నాడు. నా భార్య ఆయన ముందున్న కాఫీ గ్లాసు తీసేసి "లేవండన్నా, వెళ్ళిరండి" అంది. ఆయన మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

అమ్మాయి మాత్రం ఒక రాత్రి వార్డులో అడిగింది. "అమ్మ సాక్ష్యం చెప్పేసింది కదా నాన్నా, మళ్ళీ ఎందుకొచ్చింది?" బడిలో ఏ పిల్ల ఏ ప్రశ్న వేసినా ఏదో ఒకటి చెప్పగలను. ఆ రోజు సెలైన్ బాటిల్ వైపు చూస్తూ ఉండిపోయాను.

తెల్లకణాలు లేని ఒంట్లో ఊపిరితిత్తులకు ఫంగస్ పట్టింది. చివరి రోజుల గురించి ఇంతకన్నా రాయలేను.

ఆదరణ కూడికలో మాట్లాడినాయన, తోటమాలి తోటలోకి వచ్చి అన్నిటికన్నా మంచి పువ్వునే ముందు కోసుకుంటాడు అన్నాడు. మా మామగారు తలూపారు. చుట్టాలందరికీ ఆ మాట నచ్చింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి వచ్చి నా పిల్లని అలా ఊపిరాడకుండా చేసి తీసుకుపోయి ఉంటే స్టేషన్‌కు వెళ్ళి కేసు పెట్టేవాణ్ణి. దేవుడు చేశాడు కాబట్టి పాట పాడాలా? ఆ రోజు నుంచి గుడికి వెళ్ళేవాణ్ణి గానీ నోరు విప్పేవాణ్ణి కాను. పాట నడుస్తుంటే గోడమీది ట్యూబ్‌లైట్లు లెక్కపెట్టేవాణ్ణి.

లెక్కలు చెప్పేవాళ్ళకి ఒక రోగం ఉంటుంది. రాసుకున్న వాక్యాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే నిద్రపట్టదు. దేవుడు అన్నీ చేయగలడు. దేవుడు మంచివాడు. మా అమ్మాయి అలా పోయింది. మూడూ ఒకే పలక మీద నిలబడవు, ఏదో ఒకటి చెరిపేయాలి. మూడోది చెరపడం నా చేతిలో లేదు. ఇది నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదనీ, గ్రీకు ఎపిక్యూరస్ పేరుతో ఎప్పటినుంచో ఉందనీ, స్కాట్లండ్‌కు చెందిన హ్యూమ్ చనిపోయాక 1779లో అచ్చైన పుస్తకంలో మళ్ళీ లేవనెత్తాడనీ తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం ఆ ప్రశ్నతో లోకంలో నేనొక్కణ్ణే ఉన్నాననుకున్నాను.

థియాలజీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైన పెద్దాయన ఒకరు మా పట్నంలో ఉంటారు. మేమంతా పెద్ద మాస్టారు అంటాం. కూడికలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక వచ్చారు. వాక్యం చదవలేదు, ప్రార్థన చేయలేదు. అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమని అడిగారు. సైన్సు అన్నాను. నోటుబుక్కు చూపించమన్నారు. పువ్వు బొమ్మ గీసి భాగాలు గుర్తించిన పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. వెళ్ళేటప్పుడు "ఆయన మీద కోపంగా ఉందా?" అన్నారు. ఉందన్నాను. "ఉండనీయ్. ఆదివారం సాయంత్రం మా ఇంటికి రా" అన్నారు.

అలా ఆయన వరండాలో నా రెండో చదువు మొదలైంది. పుస్తకాలన్నీ ఇంగ్లీషువి. నా ఇంగ్లీషు లెక్కల పుస్తకం దాటి వెళ్ళదు. ఆయన ఒక పేజీ చదివి తెలుగులో చెప్పేవారు, నేను అడ్డంపడి ప్రశ్నలు వేసేవాణ్ణి.

మొదట యుర్గెన్ మోల్ట్‌మన్. జర్మనీవాడు, 2024 జూన్‌లో పోయాడు. 1943 జూలైలో హాంబర్గ్ మీద బాంబులు పడ్డప్పుడు ఆయనకు పదిహేడేళ్ళు. విమానాల్ని కొట్టే ఫిరంగి దగ్గర డ్యూటీ. పక్కనే నిలబడ్డ స్నేహితుడు ముక్కలైపోయాడు, ఇతను మిగిలాడు. భక్తిలో పెరిగినవాడు కాదు, అయినా ఆ రాత్రే మొదటిసారి దేవుడెక్కడని అరిచానని తర్వాత చెప్పుకున్నాడు. 1948 దాకా బ్రిటిష్‌వాళ్ళ చేతుల్లో యుద్ధఖైదీ. క్యాంపులో ఎవరో బైబిలిస్తే విలాప కీర్తనలు చదివాడు, మార్కు సువార్తలో యేసు సిలువ మీద వేసిన కేక చదివాడు. 1972లో సిలువ వేయబడిన దేవుడు అన్న అర్థమొచ్చే పేరుతో పుస్తకం రాశాడు.

దేవుడు మార్పు లేనివాడు, అందువల్ల ఆయనకు బాధ తగలదు అన్న ఆలోచన బైబిలు కన్నా గ్రీకు తత్వవేత్తల నుంచి సంఘంలోకి ఎక్కువగా వచ్చింది. మోల్ట్‌మన్ దాన్ని విరగ్గొట్టాడు. సిలువ మీద కొడుకు విడిచిపెట్టబడ్డాడు, తండ్రి కొడుకును పోగొట్టుకున్నాడు, ఆ గాయం దేవుడి లోపలే ఉంది అంటాడు. ఇది విన్న రోజు వరండాలో నాకు ఏడుపొచ్చింది. బిడ్డను మట్టిలో పెట్టినవాడి పక్కన కూర్చోగలిగేది బిడ్డను పోగొట్టుకున్నవాడే. పెద్ద మాస్టారు చల్లగా అన్నారు, "మన లూథర్ 1518లో హైడెల్‌బర్గ్‌లో ఈ దారే వేశాడయ్యా. దేవుణ్ణి చూడాలంటే మహిమలో కాదు, సిలువలో చూడమన్నాడు. మనవాళ్ళు ఆ పేరు పెట్టుకుని వేరే దారిన పోయారు."

రెండు మూడు వారాలు ఆ మాట పట్టుకుని బతికాను. ఆ తర్వాత లెక్క మళ్ళీ అడ్డం తిరిగింది. ఆయనకూ బాధే, సరే. ఆపగలిగి ఉండి ఆపకుండా నాతో కలిసి ఏడిస్తే ఆ ఏడుపు నాకెందుకు?

"అయితే లిస్బన్ వెళ్దాం" అన్నారు పెద్ద మాస్టారు. 1710లో లైబ్నిజ్ అనే మహా గణితవేత్త, ఉండగలిగిన లోకాలన్నిటిలో దేవుడు మేలైనదాన్నే ఎంచాడని పెద్ద పుస్తకం రాశాడు. 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండగనాడు, పొద్దున్నే లిస్బన్ గుళ్ళు కిటకిటలాడుతుండగా భూకంపం వచ్చింది. ఆరాధనలో ఉన్నవాళ్ళ మీదే గోడలు కూలాయి. వోల్టేర్ ఆ మేలైన లోకాన్ని వెక్కిరిస్తూ పద్యం రాశాడు, నవల రాశాడు. చెప్తూ చెప్తూ ఆగి, "లిస్బన్ దాకా ఎందుకు, బాపట్ల చాలదూ?" అన్నారు. 1977 నవంబరు 19. దివిసీమను ఉప్పెన మింగిన రోజు. పదివేల మందికి పైగా పోయారు. బాపట్లలో గాలికి ఇళ్ళు నిలవవని భయపడి చర్చిలో తలదాచుకున్నవాళ్ళ మీద ఆ చర్చే కూలింది. వందమంది దాకా అంటారు. దేవుడి ఇల్లు కదా అనే పరిగెత్తి ఉంటారు. పువ్వులు కోసే తోటమాలి కథ అక్కడికి తీసుకెళ్ళి చెప్పండి చూద్దాం.

అప్పుడు వైట్‌హెడ్ పేరెత్తారు. ఆ పేరు నాకు తెలుసు, కాకపోతే వేరే గదిలో. బెర్ట్రండ్ రసెల్‌తో కలిసి ప్రిన్సిపియా మేథమెటికా రాసినాయన. ఒకటీ ఒకటీ కలిస్తే రెండని తేల్చడానికి వందల పేజీలు పట్టిన పుస్తకమని బీఎడ్‌లో మాకు చెప్పి నవ్వించారు. ఆయనకు దేవుడితో పనేమిటి? ఆయన చిన్నకొడుకు ఎరిక్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానదళంలో చేరి 1918లో చనిపోయాడు. మరుసటేడు అచ్చైన పుస్తకాన్ని తండ్రి ఆ కొడుక్కి అంకితమిచ్చాడు. అరవై దాటాక అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పడం మొదలుపెట్టాడు. ఎడిన్‌బరోలో ఇచ్చిన ఉపన్యాసాలు 1929లో ప్రాసెస్ అండ్ రియాలిటీ పేరుతో పుస్తకమయ్యాయి. కొడుకు చావు వల్లే అదంతా రాశాడని నేననను, ఒక మనిషి ఆలోచన అంత సులువుగా తెగదు. కానీ ఆ పుస్తకం చివరి పేజీల దగ్గర నాకు ఆ పిల్లవాడే గుర్తొచ్చాడు.

పుస్తకం కొరుకుడు పడదు. పెద్ద మాస్టారు అరటిపండు ఒలిచినట్టు చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. లోకం వస్తువులతో కట్టింది కాదు, క్షణక్షణం జరుగుతున్న సంఘటనలతో అయింది. ప్రతి సంఘటనా వెనకటి దాన్నంతా అందుకుంటుంది. అందుకుని, ఎంత చిన్నదైనా సరే, తనవంతు ఒక మలుపు తిప్పుకుంటుంది. మనిషికే కాదు, కణానికీ అణువుకూ కూడా వాటి స్థాయిలో ఆ స్వేచ్ఛ ఉంటుంది. దేవుడు ప్రతి క్షణానికీ దానికి వీలైనంతలో మంచి దారి చూపిస్తాడు, అటు పిలుస్తాడు. మెడపట్టి తోయడు. తోయడు కాదు, తోయలేడు. సృష్టి అంటేనే అలాంటిది. రాజుల్ని చూసి దేవుడికి రాజు గుణాలు అంటగట్టారని వైట్‌హెడ్ అభియోగం.

ఆ మాట దగ్గర నేను లేచి వరండాలో అటూ ఇటూ నడిచాను. లుకేమియా ఎలా వస్తుందో అప్పటికే చదివి ఉన్నాను. మూలుగలో కణాలు విభజన అయ్యేటప్పుడు ఎక్కడో క్రోమోజోము ముక్క తారుమారవుతుంది. ఆ కణం పెరగడం మానదు, పెద్దదై పని నేర్చుకోదు, తనలాంటివాటినే పుట్టిస్తూ పోతుంది. ఎవరూ పంపలేదు. పాపం లేదు, పథకం లేదు, పరీక్ష లేదు. కొన్ని వేల రాత్రుళ్ళుగా మా ఇంట్లో కూర్చున్న ముద్దాయి ఒకడు లేచి బయటికి వెళ్ళిపోయినట్టైంది.

మధ్యే మార్గం చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. దేవుడికి శక్తంతా ఉంది, కానీ మన స్వేచ్ఛ కోసం తానే తగ్గించుకున్నాడంటారు. చదువుకున్న పాస్టర్లకు ఇది బాగా ఇష్టం. నాకు ససేమిరా పడలేదు. తానే కట్టుకున్న కట్టు అయితే ఒక్క పిల్ల కోసం ఒక్క పూట విప్పకూడదా? థామస్ జే ఊర్డ్ అనే అమెరికన్ 2019లో దేవుడు చేయలేడు అనే అర్థంలో పేరు పెట్టి రాసిన పుస్తకంలో ఈ మెలికనే విప్పాడు. ప్రేమ ఆయన స్వభావం, ప్రేమ ఎవరినీ లొంగదీయదు, అది ఆయన ఎంచుకున్నదీ కాదు, మానుకోగలిగిందీ కాదు అంటాడు. ఆయన్ని సొంత చర్చి 2024లో బోధకుడి హోదా నుంచి తీసేసింది. అది స్వలింగ సంపర్కుల పక్షం మాట్లాడినందుకు వచ్చిన గొడవ, ఈ పుస్తకంతో దానికి నేరుగా సంబంధం లేదు.

ఈ సిద్ధాంతం వార్డులో ఎలా నిలబడుతుందో చూసుకున్నాను. ప్లేట్‌లెట్లు ఫ్రిజ్‌లో పెట్టి దాచుకునే సరుకు కాదు. గది వేడిలో, ఆగకుండా ఊపుతూ ఉంచితే అయిదు రోజుల పాటు పనికొస్తాయి. కాబట్టి అవసరం పడినప్పుడల్లా మనిషిని వెతకాలి. ఆ మనిషి గంటకు పైగా మెషీన్ దగ్గర చేయి చాచి పడుకోవాలి. అర్ధరాత్రి ఫోన్లు చేసేవాళ్ళం. ఒక ఆటో డ్రైవరు సవారీ దింపేసి నేరుగా వచ్చాడు, మసీదు వీధి అబ్బాయి, మా పిల్ల పేరు కూడా అడగలేదు. ఇంజినీరింగ్ పిల్లలు హాస్టల్ గోడ దూకి వచ్చారు. మా సంఘంలోనే ఒకాయన వస్తానని చెప్పి ఫోన్ ఆపేశాడు. సర్వశక్తిగల దేవుడు నడిపితే ఈ తేడా ఎందుకు? పిలిచేవాడే ఆయన అయితే నాకు అర్థమవుతుంది. అందరినీ పిలిచాడు. ఫోన్ ఆపేసినాయన దగ్గర కూడా బతిమాలుతూనే ఉండి ఉంటాడు.

ఇదంతా ఒక రాత్రి నా భార్యకు చెప్పాను. దొరికింది కదా అన్న ఉత్సాహంలో చెప్పాను. చపాతీలు ఒత్తుతూ విన్నది. "చెయ్యలేని దేవుడికి నేనెందుకు మోకాళ్ళూనాలండీ?" అంది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాను. "ఆయన చెయ్యగలడు. చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో పైకి వెళ్ళాక అడుగుతాను. మీరు చెప్పేదాంట్లో అడగడానికి కూడా ఎవరూ లేరు" అంది. చపాతీ పెనం మీద వేసింది.

ఆ మాట పెద్ద మాస్టారికి చేరవేస్తే పకపకా నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. "మీ ఆవిడ కార్ల్ రానర్ చదవలేదు గానీ, రానర్ అడిగిందే అడిగింది." ఇరవయ్యో శతాబ్దపు పెద్ద కాథలిక్ వేదాంతుల్లో ఒకడైన రానర్, మోల్ట్‌మన్ దారిని ఒప్పుకోలేదు. నేను పడ్డ బురదలోనే దేవుడూ పడి ఉంటే నాకు చెయ్యందించేదెవరు అన్నది ఆయన అభ్యంతరం. మోల్ట్‌మన్‌ను ఇంకో వైపు నుంచి డోరతీ సోలె అనే జర్మన్ ఆవిడ పట్టుకుంది. కొడుకును బలికి అప్పగించే తండ్రిని పూజించడం క్రూరత్వాన్ని పూజించడమేనని 1973 నాటి పుస్తకంలో కుండబద్దలు కొట్టింది. నేనైతే సోలె చెప్పింది సగం ఒప్పుకుంటాను.

నన్ను అసలు ఇరుకున పెట్టింది వీళ్ళెవరూ కాదు, మా తాత. పాలేరుగా బతికినవాడు. పగలంతా దొర పొలంలో వంగి, రాత్రి గుడిసెలో బుడ్డి దగ్గర దొరకన్నా పెద్ద దొరకు మొరపెట్టుకునేవాడు. పైన ఒకాయన ఉన్నాడు, ఆయన చేతిలో ఈ దొర ఎంత అన్న ధైర్యంతోనే మా నాన్నను బడికి పంపాడు. ఆయన దగ్గరికి వెళ్ళి, తాతా, పైనాయనకీ చేతకాదంట అని చెప్తే ఏమయ్యేది? వైట్‌హెడ్ దారిలో వచ్చిన ప్రాసెస్ వేదాంతానికి కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్ పెద్ద ఇల్లు. జాన్ కాబ్, డేవిడ్ గ్రిఫిన్ 1973లో అక్కడ కేంద్రం పెట్టారు. పిలిస్తే పోలీసు పలికే చోట, కోర్టు తలుపు తెరుచుకునే చోట కూర్చుని దేవుడికి అధికారం అక్కర్లేదనడం తేలిక అనిపిస్తుంది నాకు. కాబ్ మీద ఇది కొంచెం అన్యాయమైన మాట. తొంభై తొమ్మిదేళ్ళు బతికి, చివరిదాకా భూమి గురించీ బీదల గురించీ మాట్లాడినవాడు. అయినా ఆ మాట వెనక్కి తీసుకోను.

పెద్ద మాస్టారు దీనికి అరవింద్ నిర్మల్‌ను చూపించారు. 1981లో బెంగుళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో ఆయన చేసిన ప్రసంగం దగ్గరే దళిత వేదాంతం మొదలైందని చెప్తారు. దేవుడే సేవకుడు, ఊరి బయట నిలబెట్టబడ్డవాడు, క్రీస్తు దళితుడు అన్నాడు నిర్మల్. "మీ తాత గుడిసెలో ఉన్నది పెద్ద దొర కాదయ్యా, ఇంకో పాలేరు" అన్నారు మాస్టారు. మా తాత ఒప్పుకునేవాడు కాదనుకుంటాను. పాలేరు పాలేరుకు తోడు అవుతాడు, దొర ఇంటి ముందు నిలబడి అడగలేడు. ఈ ముడి నాకిప్పటికీ విడలేదు.

ఆ ఏడు గుడ్‌ఫ్రైడేకు మా పాస్టరు అయ్యగారు ఇంటికొచ్చారు. పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువ మీది ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. క్షమించమన్న మొదటి మాట అయ్యగారిది, తల్లిని అప్పగించిన మూడోది స్త్రీల సమాజం అధ్యక్షురాలిది, దాహమన్నది యూత్ పిల్లలది. నాలుగో మాట, దేవుడు ఎందుకు విడిచిపెట్టాడని అడిగిన మాట, ఎవరికిచ్చినా వద్దంటారు. దాన్ని ఎలాగోలా స్తోత్రంలోకి మళ్ళించి అయిదు నిమిషాల్లో దిగిపోతారు. "మాస్టారూ, అది మీరు చెప్పండి" అన్నారు అయ్యగారు. ఆయన మంచివాడు. మా అమ్మాయిని మట్టిలో పెట్టినప్పుడు దేవుని చిత్తమన్న మాట ఆయన నోట రాలేదు.

మళ్ళించకుండా చెప్పాను. ఆ ప్రశ్నకు ఆకాశం నుంచి జవాబు రాలేదు, సువార్త రాసినవాళ్ళు దాన్ని దాచలేదు అన్నాను. అడిగినవాడిలో ఒప్పుకోని పాపం ఏముందని అడిగాను. ముందు వరసలో ఒకరిద్దరు కదిలారు. మా అమ్మాయి జబ్బు పేరు చెప్పాను, ఆ జబ్బు దేవుడు పంపలేదన్నాను, దాన్ని ఒంటిచేత్తో ఆపడం ఆయనకు సాధ్యమై ఉంటే ఆపి ఉండేవాడన్నాను. వైట్‌హెడ్ పేరు ఎత్తలేదు, ఆటో డ్రైవరు సంగతి చెప్పాను. చప్పట్లు లేవు, స్తోత్రం లేదు. అయిదో మాట పిల్లవాడు వచ్చి మైకు సర్దుకున్నాడు. సంఘ పెద్దల్లో ఇద్దరు ఆ తర్వాత అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఇది నాస్తికుల బోధ అని కాగితం రాసిచ్చారు. అయ్యగారు దాన్ని ఫైల్లో పెట్టుకున్నారు.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒక మామ్మ నా చెయ్యి పట్టుకుంది. పుట్టిల్లు మా ఊరే, దివిసీమకు ఇచ్చారు. ఉప్పెనలో ఇద్దరు పిల్లలు కొట్టుకుపోతే తిరిగి వచ్చి అన్న ఇంట్లో బతికింది.

"అయితే నా పిల్లల్ని ఆయన తీసుకోలేదంటావా నాయనా?"

"తీసుకోలేదు మామ్మా."

చాలాసేపు నా మొహంలోకి చూసింది. "ఆయన తీసుకున్నాడు గదా, ఆయన దగ్గర ఉన్నారు గదా అని ఇన్నేళ్ళు లాక్కొచ్చాను. తీసుకోకపోతే ఊరికే పోయారా మరి?"

కాదు మామ్మా అన్నాను గానీ ఏమి కాదో చెప్పలేకపోయాను. వెనకాల జనం, చెప్పుల తొక్కిడి, ఎవరో ఆమెను ఆటో ఎక్కించారు.

ఆ రాత్రి నా భార్యతో అన్నాను, మామ్మ ఇలా అడిగిందని. ఆమె పక్క దులుపుతూ ఆగింది. "నేను అడగాలనుకుంటున్నదీ అదే" అంది. అప్పుడు వైట్‌హెడ్ చివరి పేజీల్లోది చెప్పాను. జరిగిన ఏ క్షణమూ దేవుడిలోంచి పోదు. అమ్మాయి నవ్విన నవ్వు, గీసిన పువ్వు, పడ్డ నొప్పి, అన్నీ ఆయన అందుకుని తనలో ఉంచుకుంటాడు. లోకం మరిచిపోయినా ఆయన మరవడు. అంతవరకే చెప్పాను. వైట్‌హెడ్ శిష్యుల్లోనే దీని మీద పెద్ద తగాదా ఉందని చెప్పలేదు. నూరేళ్ళు దాటి బతికిన చార్లెస్ హార్ట్‌షోర్న్, దేవుడి జ్ఞాపకంలో ఉండటమే మనకు మిగిలే నిత్యత్వం, మళ్ళీ కళ్ళు తెరిచే మనిషంటూ ఉండడు అన్నాడు. మార్జరీ సుచోకీ అనే ఆవిడ 1988లో దానికి ఎదురు రాసి, దేవుడిలో ఆ ప్రాణం తనను తాను ఎరిగే బతుకుతుందని వాదించింది. సుచోకీ పక్షాన ఉండాలని నాకెంత ఉందో, హార్ట్‌షోర్న్ వాదంలో తప్పు పట్టడం నాకంత కష్టంగా ఉంది.

ఆమె అంతా విని, "ఆయన గుర్తుపెట్టుకుంటే నాకు చాలదండీ. నాకు అది కావాలి" అంది.

"నాకూ అదే కావాలి" అన్నాను.